తుంగ మందు

దేవదాసు ముప్పై ఏడేళ్లు రైల్వేలో పనిచేసి స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన చేతికింద నడిచినవన్నీ చిన్న స్టేషన్లే. పెద్ద బండ్లు కూత వేసుకుంటూ ఆగకుండా పోయేవి. అయినా ఏ స్టేషనుకు బదిలీ అయినా ప్లాట్‌ఫారం పక్కన నాలుగు గజాల పచ్చిక వేయించకుండా ఉండలేదు. తనిఖీకి వచ్చిన అధికారులు రిజిస్టర్లకన్నా ముందు ఆ పచ్చిక దగ్గర ఆగేవాళ్లు. "ఈ ఎండల్లో దీన్ని ఎట్లా బతికించావయ్యా?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న కోసమే ఆయన ఏడాదంతా ఎదురుచూసేవాడు.

రిటైరయ్యాక నరసరావుపేటలో రైలు గేటు అవతల కొత్త కాలనీలో పది సెంట్లు కొన్నాడు. ఇల్లు నాలుగు సెంట్లలో ముగించి, మిగిలినదంతా లాన్ వేశాడు. కడియం నుంచి గడ్డి పలకలు లారీలో దిగినప్పుడు కాలనీ మొత్తం గేట్ల దగ్గరకు వచ్చి చూసింది. ఒక గేదె లేదు, ఒక దూడ లేదు, ఈయనకు గడ్డెందుకని నవ్వుకున్నారు. దేవదాసు పట్టించుకోలేదు. రెంటచింతల ఎండ పేట మీదికి పాకే రోజుల్లో గడ్డిని పొట్టిగా కోయకూడదు, రెండు వేళ్ల ఎత్తు ఉంచితే తన నీడ తనే పట్టుకుంటుంది. రోజూ పైపైన చిలకరించేకన్నా రోజు విడిచి రోజు తెల్లవారుజామున వేరు తడిసేలా పెట్టాలి. వానలు పడితే ఎరువు ఆపి కలుపు మీద పడాలి. దసరా దాటాక మళ్లీ బలం చెయ్యాలి. ఇదంతా ఆయనకు బండ్ల టైములంత కచ్చితంగా తెలుసు. భార్య మణెమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. "నన్ను కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూళ్లేదండీ మీరు" అనేది.

గొడవ పక్కింటితో వచ్చింది. పక్కింటి కోటయ్య గురజాల వైపు ఊళ్లో ముప్పై ఎకరాల ఆసామి. భార్య వెంకటరమణమ్మ ఐదేళ్లు సర్పంచిగా ఉంది. సంతకం ఆమెది, పెత్తనం ఈయనది. ఊరి రాజకీయాల్లో పడ్డ కేసులు పేట కోర్టులో ఏళ్ల తరబడి సాగుతుంటే, వాయిదాలకు తిరగలేక ఇక్కడే ఇల్లు కట్టాడు. ఆ ఇంటికీ దేవదాసు ప్రహరీకీ మధ్య ఆరు సెంట్ల ఖాళీ జాగా ఉంది. అది కూడా కోటయ్యదే. వానలు మొదలైతే చాలు, అందులో వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగి తెల్లటి పూత పూసేది. ఆ గింజ దుమ్ములాంటిది. గాలి వీస్తే గోడ దాటి లాన్‌లో పడి మొలిచేది. మణెమ్మకు ఆ పూత గాలికే ఆయాసం వచ్చేది.

మొదటి ఏడాది దేవదాసు మర్యాదగానే వెళ్లి అడిగాడు.

"కోటయ్యగారూ, పూత రాకముందే ఆ మొక్కలు పీకిస్తే బాగుంటుంది. మా ఆవిడకు ఊపిరాడటం లేదు."

కోటయ్య వరండాలో కుర్చీ మీదనుంచి లేవలేదు. "గాలికి నేను చెప్పనా మాస్టారూ, ఆళ్లింట్లోకి పోబాకని? నా జాగాలో మొలిచింది నేను చూసుకుంటా. నీ జాగాలో మొలిచింది నువ్వు పీక్కో. రైళ్లకి జెండా ఊపినట్టు మొక్కలకి ఊపితే ఆగుతయ్యా?"

రెండో ఏడాది దేవదాసు అడగలేదు. మున్సిపాలిటీలో అర్జీ పెట్టాడు. వారం తిరక్కముందే కోటయ్య గేటుకు నోటీసు అంటించిపోయారు. కోటయ్య ఆ కాగితం పీకి, పాలబూత్ దగ్గర పది మందిలో ఊపుతూ చూపించాడు.

"చూడండయ్యా. ఊరి మొత్తానికి నోటీసులిచ్చిన ఇంటికి, పిచ్చిమొక్కల నోటీసు! ఈ మాస్టారు మా ఊరి పల్లెలో పుట్టినోడే. ఎవరి కొడుకో కూడా నాకు తెలుసు."

దేవదాసు కూడా అక్కడే పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు. ఆయన ఇంటికొచ్చి ప్యాకెట్లు బల్ల మీద పెట్టి, ఆ పూటంతా లాన్‌లో గొంతుకూర్చుని తుంగ పీకాడు.

ఆడవాళ్లిద్దరి మధ్యా మాత్రం మాటలు నడుస్తూనే ఉండేవి. వెంకటరమణమ్మ తమ జాగాలో, ప్రహరీ మొదట్లో దొండపాదు పెట్టింది. అది గోడెక్కి ఇటువైపుకు కూడా దిగి కాసేది. "టీచరమ్మా, మీ వైపు కాయలు మీవే. కోసుకోండి" అని గోడ మీదనుంచి చెప్పేది. దేవదాసు ఎదురైతే "బాగున్నావా అన్నా" అని పలకరించేది. మణెమ్మ ఆమెను వదినగారూ అనేది. మగవాళ్ల సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

నోటీసు వచ్చిన తర్వాతి ఆదివారం దేవదాసు దంపతులు చర్చి నుంచి తిరిగొచ్చేసరికి పక్క జాగాలోంచి ఘాటు వాసన కొడుతోంది. వయ్యారిభామ ఆకులు తడితడిగా మెరుస్తున్నాయి. కోటయ్య గేటు దగ్గరే ఉన్నాడు.

"గడ్డి మందు కొట్టించా మాస్టారూ. పచ్చనిది ఏది తగిలినా వేరుతో సహా మాడిపోద్ది. ఇక మున్సిపాలిటీకి రాసుకో, నోటీసు అమలైందని."

"మేం లేనప్పుడు చూసి కొట్టించారా?"

"నువ్వుంటే కొబ్బరికాయ కొడతావా ఏంది?"

దేవదాసు లోపలికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా లాన్ చుట్టూ తిరిగాడు. గడ్డి పచ్చగానే ఉంది. అయినా మనసు కుదుటపడలేదు.

ఆ ఏడు తుంగ కూడా విపరీతంగా లేచింది. తుంగను పీకితే పైన ఆకు చేతికొస్తుంది, కింద గడ్డ మట్టిలో ఉండిపోతుంది. ఒక గడ్డ తెగితే పక్కన నాలుగు లేస్తాయి. దేవదాసు మోకాళ్లు ఇక వంగనన్నాయి. పురుగుమందుల కొట్టతను తుంగ మందు ఇచ్చాడు. అది తుంగను మాత్రమే చంపుతుంది, లాన్ గడ్డిని ఏమీ చెయ్యదు. కొట్టడానికి శౌరిని పిలిచాడు. శౌరి నలభై ఏళ్ల కూలీ. సొంత చార్జింగ్ పంపు ఉంది. మిరప చేలకూ పత్తి చేలకూ మందు కొట్టి బతుకుతాడు.

మంగళవారం పొద్దున శౌరి వచ్చాడు. దేవదాసు మందు డబ్బా మీది కాగితం రెండుసార్లు చదివాడు. మందు తనే కొలిచాడు. బకెట్లో తనే కలిపాడు. జేబురుమాలు పైకెత్తి గాలి ఎటు వీస్తుందో చూశాడు. గాలి లేదని నమ్మకం కుదిరాక "ఇక కానీ" అన్నాడు. శౌరి ఆ నీళ్లు పంపులో పోసుకుని, గేటు పక్కన ఒకసారి నొక్కి చూసుకుని, కోటయ్య జాగా వైపు ప్రహరీ వెంట మొదలుపెట్టాడు. రెండోసారి పంపు నింపుకుని మిగతాదంతా ముగించాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులకు గోడ అవతల వయ్యారిభామ తల వాల్చేసి ఎండుగడ్డి రంగులోకి తిరిగింది. అదే రోజు గోడ ఇవతల లాన్ కూడా పసుపెక్కింది. దేవదాసు నీళ్లు తక్కువయ్యాయనుకున్నాడు. మర్నాటికి అది గోధుమరంగైంది. పన్నెండో రోజుకు గోడ వెంట ఎనిమిదడుగుల వెడల్పున, ఈ కొస నుంచి ఆ కొసదాకా గడ్డి చచ్చిపోయింది. చేత్తో లాగితే వేరుతో సహా ఊడి వచ్చింది. ఇంటి వైపు గడ్డి మాత్రం నిగనిగలాడుతోంది. తుంగ ఒక్కటే ఎండింది అక్కడ.

ఇందులో ఆలోచించడానికి ఏమీ కనిపించలేదు ఆయనకు. ఊడిన గడ్డి పిడికిట్లో పట్టుకుని కోటయ్య వరండా ఎక్కాడు.

"ఇదిగో. నువ్వు చేసిన పని. నీ మందు నా గడ్డి మీద కొట్టించావు."

"నీ గడ్డి మీద కొట్టించటానికి నాకేం పని లేదా?"

"ఆదివారం మేం చర్చికి పోయిన టైం చూసి మరీ కొట్టించావు. నాకు తెలుసు. నోటీసు కడుపుమంట."

కోటయ్య లేచాడు. అప్పటిదాకా ఉన్న వెటకారం పోయి మొహం గట్టిపడింది. "ఒరేయ్, మా వరండా ఎక్కి వేలు చూపించి మాట్లాడేంత అయ్యావురా నువ్వు? మీ అమ్మ మార్తమ్మ మా మిరప చేలో నడుం ఇరగ్గా కలుపు తీసింది. సాయంత్రం కూలికి మా గడప కింద నిలబడేది, పైకి రమ్మన్నా వచ్చేది కాదు. ఆమెకు తెలిసిన మర్యాద నీకు తెలవలా. ఆమె కలుపు పీకింది, నువ్వు కలుపు కొనుక్కొచ్చి నీళ్లు పోస్తన్నావు. అంతేరా తేడా. దిగు!"

దేవదాసు చేతిలో గడ్డి ఆ వరండాలోనే రాలిపోయింది. నలభై ఏళ్లు ఎందరో ఆయన్ను మాస్టారూ అన్నారు, సార్ అన్నారు. ఆ ఒక్క వరండాలో పదిహేనేళ్ల పిల్లవాడైపోయాడు. మిషన్ హాస్టలుకు వెళ్లే రోజు అమ్మ చేతులు గుర్తొచ్చాయి. వేళ్ల సందుల్లో మట్టి, గోరు పక్కన చీలిన చర్మం.

మర్నాడే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. రెండు పేజీలు, తేదీలతో సహా, ఫొటోలతో సహా. రైల్వేలో ప్రమాదాల ఎంక్వైరీలకు రిపోర్టులు రాసిన చెయ్యి. ఎస్సై చదివి తల గోక్కున్నాడు.

"గడ్డి చచ్చిందని కేసేంది సార్?"

"గడ్డి కాదు. నా ఇంట్లో నా ఆస్తికి కావాలని నష్టం చేశాడు. నా తల్లిని తిట్టాడు. అదీ రాశాను, చూడండి."

ఎస్సై కోటయ్యను పిలిపించాడు. లోపల ఎవరో పెద్ద మనిషి వచ్చి కూర్చోవటంతో పది గంటలకు వచ్చిన కోటయ్యను బయట చెక్కబల్ల మీద కూర్చోమన్నారు. మధ్యాహ్నం రెండింటిదాకా లోపలికి పిలవనే లేదు. ఒకవైపు మోటారు సైకిల్ పోయిందని ఏడ్చే మనిషి, ఇంకోవైపు తాగి కొట్టుకున్న ఇద్దరు. మధ్యలో ఇస్త్రీ చొక్కాతో కోటయ్య. ఒకప్పుడు ఈ స్టేషన్‌కు వస్తే ఆయనకు లోపల కుర్చీ వేసేవాళ్లు.

ఆ నాలుగు గంటల్లో దేవదాసు ఆ రోడ్డు మీద మూడుసార్లు నడిచాడు. ఒకసారి జిరాక్స్ కోసం, ఒకసారి మందుల కోసం, మూడోసారి దేనికీ కాదు. ప్రతిసారీ లోపలికి తొంగిచూశాడు. మూడోసారి కోటయ్య కూడా తలెత్తి చూశాడు. దేవదాసు చూపు తిప్పుకోలేదు. ఇంటికొచ్చి ఆకలిగా రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

సాయంత్రం కోటయ్య తన ఖాళీ జాగాలో నిలబడి అరుపు మొదలుపెట్టాడు. "నన్ను దొంగలతో కూచోబెడతావురా? మార్తమ్మ కొడుకా! బయటికి రా!" కాలనీలో తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని మూసుకున్నాయి. మణెమ్మ భర్త చెయ్యి పట్టుకుని కదలనివ్వలేదు.

ఎస్సై శుక్రవారం ఇద్దర్నీ రమ్మన్నాడు. ఈలోగా, ఆ మర్నాడు పొద్దున, మణెమ్మ స్నానానికి వెళ్లినప్పుడు దేవదాసు కొడవలి తీసుకుని ప్రహరీ దగ్గరకు వెళ్లాడు. గోడ ఛాతీ ఎత్తు. బకెట్ బోర్లించి, ఎక్కి, అటువైపు వంగాడు. మొక్కల్లోకి భుజం దాకా చెయ్యి దూర్చి, దొండపాదు మొదలు వెతికి పట్టుకుని కోసేశాడు. తర్వాత గోడ మీద తీగలన్నీ లాగి అటే విసిరాడు. పిందెలు, పూత, కాయలు అన్నీ.

"అన్నా!" అని ఎవరో పిలిచినట్టనిపించింది. ఆయన తలెత్తలేదు.

మణెమ్మ వచ్చేసరికి వెంకటరమణమ్మ గోడ అవతల నిలబడి తీగను చేతిలో పట్టుకుని ఉంది. ఏడవటం లేదు. తిట్టటం లేదు. "ఆ మనిషితో మీకు పడదు. నా పాదు ఏం చేసింది టీచరమ్మా?" అంది. మణెమ్మ లోపలికొచ్చింది. ఆ పూట భర్తకు కాఫీ ఇవ్వలేదు.

మూడో రోజుకు దేవదాసు కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా దద్దుర్లు తేలింది. దురద ఆగటం లేదు. మణెమ్మ కొబ్బరినూనె రాస్తూ తలెత్తకుండానే అంది.

"ఇది వయ్యారిభామ దురద. స్కూల్లో పిల్లలకు వచ్చేది. ఎక్కడ తగిలింది మీకు? అది మొత్తం ఎండిపోయిందిగా?"

దేవదాసు చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆ పొద్దున చెయ్యి దూర్చింది ఎండు కంపలోకి కాదు. తడి ఆకుల్లోకి. అప్పుడు కోపంలో చూసి కూడా చూడలేదు. ఇప్పుడు ఆ చల్లదనం చేతికి గుర్తొచ్చింది.

లేచి వెళ్లి బకెట్ ఎక్కి గోడ మీదనుంచి చూశాడు. జాగా మొత్తం ఎండిపోయి ఉంది, కానీ గోడ పక్కన నాలుగడుగుల మేర మాత్రం కాదు. అక్కడ వయ్యారిభామ ఏపుగా, పూతతో, ఏ మందూ తగలకుండా పచ్చగా ఉంది. దాని మధ్యలో, తను కోసిన దొండ మొదలు.

అవతలి మందు గాలికి ఇవతల పడాలంటే ఆ నాలుగడుగుల మీదుగా రావాలి. వాటిని వదిలేసి గోడ దూకి గడ్డిని మాత్రమే చంపదు. దేవదాసు బకెట్ దిగి లాన్‌లో నడిచాడు. ఎంక్వైరీలో పట్టాలు చూసినట్టు చూశాడు. చచ్చిన గడ్డి అంచు తాడు పట్టి గీసినట్టుంది. గాలికి వచ్చిందీ, గోడ మీదనుంచి కొట్టిందీ అట్లా ఉండదు. సిమెంటు బల్ల దగ్గర ఆ అంచు వంపు తిరిగింది. మనిషి బల్ల చుట్టూ తిరిగితే వచ్చే వంపు అది. గేటు పక్కకు వెళ్లాడు. గోడకు నలభై అడుగుల దూరంలో, పచ్చటి గడ్డి మధ్యలో, పళ్లెమంత మేర మాడిపోయి ఉంది. శౌరి పంపు నొక్కి చూసుకున్న చోటు.

మధ్యాహ్నం ఎండలో శౌరి ఇంటికి వెళ్లాడు. శౌరి గుమ్మంలో పంపు బ్యాటరీ విప్పుకుంటున్నాడు. దేవదాసును చూడగానే చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంటికొచ్చే ముందు ఆ పంపుతో ఎక్కడ కొట్టావు శౌరీ?"

శౌరి బ్యాటరీ కింద పెట్టాడు. "కోటయ్యగారి జాగాలో సారూ. ఆదివారం చర్చిలో మొదటి పూజకు పోయొచ్చి కొట్టా. అమ్మగారు దొండపాదు పోద్దని గోడ పక్కన వదిలెయ్యమంది. తర్వాత సోమవారం పనికి పోలా. మీ ఇంట్లో మందు పోసేటప్పుడు అడుగున లీటరున్నర దాకా కనపడింది. నీళ్లనుకున్నా. మీ గడ్డి పోయిందని విన్నాక తట్టింది నాకు." గొంతు తగ్గించాడు. "మీరు స్టేషన్‌కి పోయారని తెలిసి నోరు రాలా సారూ. నా పేరు బయటికొస్తే కోటయ్యగారు నన్ను ఈ చుట్టుపక్కల ఏ చేలోనూ అడుగు పెట్టనియ్యడు. మా పింకీ నర్సింగ్ చదువుతంది."

దేవదాసు తిట్టలేదు. తిట్టడానికి వచ్చిన మాటలన్నీ ఆయన వైపుకే తిరిగాయి. మందు కొలిచాడు, గాలి చూశాడు, కాగితం రెండుసార్లు చదివాడు. పంపు మూత తీసి లోపల ఒకసారి చూడలేదు.

శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. మణెమ్మకు ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. ఆమె విని, మజ్జిగ పోసి, కూర్చుంది.

"చెప్తారా?"

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఆయన ఇంకోసారి ఆ బల్ల మీద కూర్చుంటాడు. మీరు ఇంకోసారి ఆ రోడ్డంట తిరుగుతారు."

ఆయన మజ్జిగన్నం కలుపుకున్నాడు. ఆమెకు ఎట్లా తెలిసిందో అడగలేదు.

ఆ రెండు రోజులూ ఆయనలో ఒక వాదన నడిచింది. గడ్డి సంగతిలో కోటయ్య తప్పు లేదు. ఒప్పుకోవాల్సిందే. కానీ అమ్మను అన్న మాట? అది నిజంగా అన్నాడు. దానికి ఏ ఎస్సై బల్ల మీద కూర్చోబెడతాడు? గడ్డి కేసు కింద అయితే కూర్చుంటాడు. అట్లా ఒక అబద్ధం కింద ఒక నిజానికి శిక్ష పడితే నష్టమేముంది? ఈ లెక్క ఆయనకు చాలా నచ్చింది. నచ్చిన కొద్దీ చేతి దురద ఎక్కువైంది. గురువారం సాయంత్రానికి గీరి గీరి రక్తం తెచ్చుకున్నాడు.

శుక్రవారం కోటయ్య ఒంటరిగా రాలేదు. ఇద్దరు తెల్లచొక్కాల మనుషులు, ఒక వకీలు వెంట ఉన్నారు. ఎస్సై కాగితాలు తీయకముందే దేవదాసు లేచాడు.

"ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నాను. గడ్డి పోయింది ఈయన మందుతో కాదు. నేను కొట్టించిన పంపులో పాత మందు మిగిలి ఉంది. కడిగించుకోకుండా కొట్టించాను. తప్పు నాది."

వకీలు కోటయ్య వైపు చూశాడు. కోటయ్య నమ్మలేదు. నమ్మాక నవ్వాడు.

"పంపు ఎవుడిది?"

"పిలిపించింది నేను. చూసుకోవాల్సింది నేను. పంపుతో మీకు పని లేదు."

"నాకు పనుందో లేదో నువ్వు చెప్పేదేంది? నాలుగు గంటలు, సార్! దొంగల మధ్య నాలుగు గంటలు కూచోబెట్టాడు నన్ను. రోడ్డు మీద తిరుగుతా చూశాడు. ఇప్పుడు తప్పు నాది అంటే అయిపోద్దా? వీణ్ని కూచోమనండి ఆ బల్ల మీద. పది నుంచి రెండు దాకా. నేను చూడాలి."

ఎస్సై చెయ్యి ఊపాడు. "పెద్దమనుషులు, వదిలెయ్యండయ్యా. సంతకాలు పెట్టి పోండి."

"కూర్చుంటాను" అన్నాడు దేవదాసు.

అందరూ చూశారు. ఆయన కోటయ్యకు ఎదురుగా వచ్చాడు.

"నీకు నేను చేసిన దానికి కూర్చుంటాను. పాదు కోసినదానికి మీ ఆవిడను క్షమించమని అడుగుతాను. కానీ మా అమ్మ కలుపు తీసింది, నిజమే. మా అమ్మ, మా పెద్దమ్మ, ఆ పల్లెలో ఆడవాళ్లంతా తీశారు. వాళ్లు వంగిన చేలమీద వచ్చిన పంటతో మీ నాన్న ముప్పై ఎకరాలు చేశాడు. ఆ మాటను నువ్వు తిట్టులాగా వాడావు. దానికి నువ్వెక్కడ కూర్చుంటావు కోటయ్యా?"

గారూ లేకుండా ఆయన పేరు పిలవటం అదే మొదటిసారి. తెల్లచొక్కాల్లో ఒకడు ముందుకు రాబోతే ఎస్సై కుర్చీ వెనక్కు జరిపాడు. ఆ చప్పుడుకు వాడు ఆగాడు.

"ఉన్న మాటే అన్నా" అన్నాడు కోటయ్య. "రేపయినా అంటా."

దేవదాసు వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. కోటయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ స్టేషన్ మాస్టరుగారు ఇక్కడున్నారేంటని ఆగి చూశారు. ఒకళ్లిద్దరు నమస్కారం పెట్టారు. కానిస్టేబుల్ టీ తెచ్చి దేవదాసుకు ఇచ్చాడు, ఎందుకిచ్చాడో అతనికే తెలియాలి. గంట తిరిగేసరికి కోటయ్య కుర్చీలో కుదురుగా లేడు. ఫోను చూసుకున్నాడు. పదకొండున్నరకు కోర్టులో వాయిదా ఉందని లేచాడు. "రెండింటిదాకా లేవబాక" అని చెప్పి వెళ్లిపోయాడు. దేవదాసు లేవలేదు. రెండు కొట్టాక లేచి, బిగుసుకుపోయిన మోకాళ్లు సాగదీసుకుని, నడిచి ఇంటికి వెళ్లాడు.

మర్నాడు మణెమ్మ ముందు నడవగా దేవదాసు వెంకటరమణమ్మ గేటు దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగాడు. కొత్త దొండ తీగలు తడిగుడ్డలో చుట్టి పట్టుకున్నాడు. ఆమె తీసుకోలేదు.

"తీగలకేం లోటు? మొదలుంది, మళ్లా చిగురేసుద్ది. నువ్వు కొడవలి పట్టుకుని వంగినప్పుడు నేను వంటింటి కిటికీలో ఉన్నా. అన్నా అని పిలిచా. మా ఆయన నోటి సంగతి నాకు తెలవక కాదు, ఐదేళ్లు ఆ నోటికి నేను సంతకాలు పెట్టా. నువ్వట్టాంటోడివి కాదనుకున్నా." లోపలినుంచి కోటయ్య ఎవరే అని అరిచాడు. ఆమె తలుపు వేసుకుంది.

పది రోజుల్లో కోటయ్య ఇటుక దింపించి, తన జాగా లోపల, పాత ప్రహరీకి ఆనించి పదడుగుల గోడ లేపాడు. అది తూర్పు వైపు. ఇక పదకొండు దాటితే గాని ఎండ లాన్‌లోకి దిగేది కాదు. దేవదాసు బతికిన భాగంలోంచి పలకలు కోసి చచ్చిన మేరంతా పరిచాడు. నీడకు అవి పీలగా సాగాయి తప్ప నేల పట్టలేదు. రెండుసార్లు వేసి చూసి, మూడోసారి అక్కడ నాపరాళ్లు పరిపించాడు. శౌరి మళ్లీ ఆ ఇంటికి రాలేదు. దేవదాసు మళ్లీ మోకాళ్ల మీదే తుంగ పీకుతున్నాడు.

జనవరిలో మున్సిపాలిటీ వాళ్లు కోటయ్య గేటుకు మళ్లీ నోటీసు అంటించారు. వయ్యారిభామ తిరిగి మొలిచిందని వెనక వీధిలో ఎవరో అర్జీ పెట్టారట. ఆ పొద్దున కొత్త గోడ అవతలినుంచి కేకలు మొదలయ్యాయి. మనిషి కనపడటం లేదు, గొంతు మాత్రం గోడ దాటి వస్తోంది. మార్తమ్మ పేరు కూడా వచ్చింది.

దేవదాసు మంచు తడి ఆరిన గడ్డి మీద కోత మిషను తోస్తున్నాడు. మణెమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మనం కాదని చెప్పండి."

"నమ్మడు" అని ఆయన మిషను అటు కొసదాకా తోసుకెళ్లి, వెనక్కు తిప్పాడు.